మాలో పోటీ లేదండి

ఏటా వేసవి మొదట్లో, బోట్లు వేటకు దిగే ముందు రోజు, మా ఇంటిని ఆనుకుని ఉన్న ఐసు ఫ్యాక్టరీ వాకిట్లో నాలుగు కుర్చీలు వేసేవాళ్ళం. రేవులో ఐసు చేసేవాళ్ళు నలుగురే. ఒకరు మావారు. ఇంకొకరు ఆయన అక్క భర్త. నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. మూడో ఆయన అందరికన్నా వయసులో పెద్ద, రేవులో మొదటి ఫ్యాక్టరీ పెట్టిన మనిషి, అందుకని అందరికీ పెద్దాయనే. నాలుగో ఆయన అసలు పేరు రేవులో సగం మందికి తెలియదు. పొద్దున లేచింది మొదలు నోరు మూయడు గనక రేడియో అంటారు. ఆయన భార్య కూడా అలాగే అంటుంది.

ఆ రోజు ఈ నలుగురూ కూర్చుని ఆ వేసవికి ఐసు దిమ్మ రేటు అనుకునేవారు. మాటలు ఎప్పుడూ ఒకేలా సాగేవి.

"కరెంటు పెంచాడు," అనేవారు అన్నయ్యగారు.

"అమోనియా ధర సంగతి అడక్కు," అనేవారు మావారు.

"మా అత్తగారు రెండు నెలల్నుంచి మా ఇంట్లోనే ఉన్నారు. అదీ ఖర్చే, కలపండి," అనేవాడు రేడియో.

పెద్దాయన కళ్ళు మూసుకుని అంతా విని, చివరికి ఒక అంకె చెప్పేవారు. దాని మీద మాట లేదు. నలుగురూ టీ తాగి ఎవరి ఫ్యాక్టరీకి వాళ్ళు వెళ్ళి, గోడ మీద పాత అంకె తుడిచి కొత్తది సున్నంతో రాసుకునేవారు. నాలుగు గోడల మీదా ఒకే అంకె.

దానికో కారణం ఉంది. ఐసు ఫ్యాక్టరీ అంటే ఎప్పుడు ఏది పోతుందో తెలియని యంత్రం. ఐసు డబ్బాలు ముంచే ఉప్పునీటి తొట్టికి చిల్లు పడుతుంది, కంప్రెసర్ మొరాయిస్తుంది, బాగుచేసేవాడు పట్నం నుంచి రావాలి. ఈలోగా బోటు ఆగదు, చేప అసలే ఆగదు. అలాంటప్పుడు మిగతా ముగ్గురూ తమ ఐసును ఆగిపోయిన వాడి వాకిట్లో దింపేవారు. ఆ మనిషి తన ఐసు లాగే తన ఖాతాదార్లకు అమ్ముకునేవాడు. తర్వాత తన యంత్రం తిరిగాక దిమ్మకు దిమ్మ తిరిగి ఇచ్చేవాడు. దాన్ని చేబదులు ఐసు అనేవారు. ఉప్పో పప్పో పక్కింట్లో తెచ్చుకున్నట్టే. రేట్లు వేరువేరుగా ఉంటే ఈ పద్ధతి సాగదు. ఒకడు అర్ధరూపాయి తగ్గించినా, అప్పు తెచ్చిన ఐసుతో పక్కవాడి బేరం పోగొట్టినవాడవుతాడు. అందుకే ఒకే అంకె. ఈ పద్ధతిని ఎవరు మొదలుపెట్టారో పెద్దాయనకే గుర్తు లేదు.

ఆ వేసవి కుర్చీలు వేశారు గానీ, రేడియో కూడా పెద్దగా మాట్లాడలేదు.

అంతకు ముందు ఏడాదే రేవు అవతలి గట్టు మీద కంపెనీ వచ్చింది. దేశమంతా గిడ్డంగులున్న కంపెనీ. తెల్లటి కోల్డ్ స్టోరేజీ కట్టింది. మా నాలుగు ఫ్యాక్టరీలూ, నేను పాఠాలు చెప్పే బడీ కలిపి అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. చేప నిలవ చేయడానికి రేవులో ఇంకో చోటు లేదు. చేప లోపల పెట్టాలంటే ఐసు కూడా తమ దగ్గరే కొనాలని షరతు పెట్టింది. కాగితం మీద కాదు, నోటిమాటగా. బయటి ఐసు వేసుకొచ్చిన బోటుకు ఆ రోజు లోపల ఖాళీ ఉండేది కాదు. ఇక ఆ ఐసు రేటంటారా, మాకు కరెంటుకయ్యే ఖర్చులో సగం. అంత తక్కువకు ఎలా ఇస్తున్నారని అడిగితే, "ఇవ్వగలిగినన్నాళ్ళు ఇస్తారు. మీరు తట్టుకోగలిగినన్నాళ్ళు," అన్నాడట వాళ్ళ గుమాస్తా, నవ్వుతూ.

"ఈసారి అంకె ఎంతని రాద్దాం?" అన్నారు అన్నయ్యగారు.

"రాసినా చదివేవాడేడీ?" అన్నాడు రేడియో.

అప్పుడు మావారు మెల్లగా అన్నారు. "పోటీ వ్యవహారాల ఆఫీసని ఒకటుంది బావా. పెద్దవాడు చిన్నవాడి గొంతు నొక్కితే అడగడానికే పెట్టారట. ఫిర్యాదు చేద్దాం."

అన్నయ్యగారు చేతులూపేశారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆఫీసులు మనలాంటి వాళ్ళ కోసం కాదురా."

"చట్టం ఉంది కదా బావా."

"ఉంది. కొండ మీద కోతి కూడా ఉంది."

పెద్దాయన కళ్ళు తెరిచి, "ఫిర్యాదు చెయ్యి. మేమందరం నీ వెనకే ఉంటాం," అన్నారు. అక్కడితో అది తేలిపోయింది. గోడల మీద పోయినేటి అంకే ఉండిపోయింది. ఫిర్యాదు మావారి పేరు మీద వెళ్ళింది. భాష నేను దిద్దాను.

*

మేం అనుకున్నదానికన్నా ముందే ఆఫీసు కదిలింది. బడికి సెలవులిచ్చిన వారంలో ఒక ఉదయం జీపు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన అమ్మాయి గేటు దగ్గరే చెప్పులు విప్పబోయి, నన్ను చూసి ఆగిపోయింది.

"టీచర్! ఇది మీ ఇల్లా?"

తొమ్మిదో తరగతిలో నా దగ్గర చదివిన పిల్ల. రెండో బెంచీలో, కిటికీ వైపు కూర్చునేది. వ్యాసంలో అనవసరమైన మాట ఒక్కటి ఉండేది కాదు. తన తండ్రికి బదిలీ అయి వెళ్ళిపోయాక మళ్ళీ చూడలేదు. ఇప్పుడు విచారణాధికారి. నాకు కళ్ళు చెమర్చాయి. మావారైతే చెప్పనక్కర్లేదు. "చూశావా టీచరమ్మా, నీ చేతి చలవే మనకు అండగా వచ్చింది," అన్నారు నా చెవిలో.

ఆ పిల్ల మర్యాదలో లోపం లేదు. టీ ఇస్తే లేచి నిలబడి అందుకుంది. ఫ్యాక్టరీ అంతా తిరిగి చూసింది. సగం ఐసు డబ్బాలు నీళ్ళు పోయకుండా బోర్లించి ఉండడం చూసి, ఎందుకని అడిగింది. కొనేవాళ్ళు లేరని మావారు చెప్పారు. కంపెనీ షరతు గురించి, గుమాస్తా మాటల గురించి, ఖాళీ లేదని తిప్పి పంపిన బోట్ల గురించి అడిగింది. అన్నీ రాసుకుంది. బోటు ఓనరు ఒకాయనను పిలిపించి ఆయన మాట కూడా రాసుకుంది. ఇన్నాళ్ళకు ఒక మనిషి మా గోడు కూర్చుని వింటోంది. మావారి ముఖంలో వెలుగు వచ్చింది.

చివరికి అడిగింది. "మీ నలుగురి మధ్య ఎలా ఉంటుంది సార్? మీ రేట్లు ఎలా పెట్టుకుంటారు?"

మావారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. జీవితంలో తను గర్వపడే విషయం ఒకటి ఉంటే అది ఇదే.

"అమ్మా, మాలో పోటీ లేదండి," అన్నారు.

ఆమె కలం ఆగింది.

"ముప్పై ఏళ్ళుగా మేం నలుగురం ఒక్క మాట మీద ఉన్నాం. వేసవి ముందు ఇదిగో, ఈ వాకిట్లోనే కూర్చుంటాం. పెద్దాయన అంకె చెప్తారు. నలుగురం అదే రాస్తాం. ఒకరి బోటును ఒకరు లాక్కోం. ఒకరి యంత్రం ఆగితే ముగ్గురం ఐసు మోస్తాం. ఆ కంపెనీ వాళ్ళకి చెప్పండమ్మా, వ్యాపారమంటే ఇలా కూడా చెయ్యొచ్చని."

"నలుగురూ అంటే... పేర్లు?"

చెప్పారు. తండ్రుల పేర్లతో సహా చెప్పారు. రేడియో పేరు దగ్గర ఆగి, "టీచరమ్మా, వాడి అసలు పేరేంటి?" అని నన్ను కేకేశారు. నేను గుర్తు చేశాను. అందరం నవ్వాం. ఆ అమ్మాయి కూడా నవ్వింది గానీ, కాగితం మీంచి తల ఎత్తలేదు. ఇంతకు ముందు గబగబా రాసిన చెయ్యి ఇప్పుడు నెమ్మదిగా, అక్షరం అక్షరంగా రాస్తోంది.

వెళ్ళే ముందు గోడ మీది అంకెకు ఫొటో తీసుకుంది. దారిలో మిగతా ముగ్గురి గోడలకూ తీసుకుందని తర్వాత తెలిసింది.

"అంతా చెప్పినందుకు థాంక్స్ సార్. చాలామంది భయపడతారు," అంది.

"భయమెందుకమ్మా? దాచుకునే పని చేసినవాడికి భయం," అన్నారు మావారు.

*

ఆ తర్వాత రోజులు ఆశతో గడిచాయి. రేవులో మావారిని చూసి బోటువాళ్ళు పలకరించేవారు. "ఏమయ్యా, ఏనుగును కట్టేయడానికి తాడు దొరికిందట?" అనేవారు. పెద్దాయన రోజూ సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళేవారు. రేడియో తన మాటలు తిరిగి మొదలుపెట్టాడు. కంపెనీకి జరిమానా పడితే ఆ తెల్ల గోడల మీద తను ఏ రంగు వేయించబోతున్నాడో అందరికీ చెప్పేవాడు. పట్నంలో చదువుకుంటున్న మా అమ్మాయికి ఫోన్లో మావారు, "మీ అమ్మ శిష్యురాలే తల్లీ. ఇంక మనకేం భయం లేదు," అని చెప్పగా నేను వంటింట్లోంచి విన్నాను.

ఎండలు ముదిరినప్పుడు పిలుపు వచ్చింది. ఫిర్యాదు చేసిన మావారికే కాదు, నలుగురికీ విడివిడిగా వచ్చింది. "సాక్ష్యానికై ఉంటుంది," అన్నారు పెద్దాయన. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని నలుగురూ బస్సెక్కారు. నేనూ వెళ్ళాను. కాగితాలు చదవాల్సి వస్తే నేను ఉండాలని మావారు అన్నారు.

ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి వరండా, గోడకు బెంచీ. కంపెనీ తరఫున వచ్చినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టలేదు గానీ, వాళ్ళ పెట్టెలు మోయడానికే ఇద్దరు వచ్చారు. వాళ్ళను లోపలికి పిలిచి తలుపు వేశారు. లోపలికి టీలు వెళ్ళాయి. కాసేపటికి ఎవరో జోకు వేసినట్టు నవ్వులు వినిపించాయి.

"చివాట్లు పెడుతూ నవ్వుతారా?" అన్నాడు రేడియో.

"పెద్దవాళ్ళ చివాట్లు అలాగే ఉంటాయేమో," అన్నారు అన్నయ్యగారు.

వాళ్ళు బయటికి వచ్చేటప్పుడు ఒకాయన మావారి భుజం మీద చెయ్యేసి, "మంచిదండీ, అంతా సామరస్యంగా అయిపోయింది," అని లిఫ్టు వైపు నడిచాడు. ఏం అయిపోయిందో మాకు తెలియలేదు.

తర్వాత మమ్మల్ని పిలిచారు. బల్లకు అవతల ఒక పెద్ద అధికారి, ఆయన పక్కన నా శిష్యురాలు కూర్చున్నారు. నన్ను చూడగానే ఆ పిల్ల లేచి నిలబడింది. తొమ్మిదో తరగతి అలవాటు.

"కూర్చో," అన్నాను.

కూర్చుంది. మళ్ళీ నా వైపు చూడలేదు.

పెద్ద అధికారి మెత్తగా, చదువు రానివాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు. కంపెనీ విషయంలో విచారణ ముగిసింది. ఇకముందు నష్టానికి ఐసు అమ్మబోమనీ, షరతులు పెట్టబోమనీ హామీ రాసిచ్చింది. తప్పు ఒప్పుకోవలసిన పని లేకుండా, జరిమానా లేకుండా ఫైలు మూశారు. ఇక మా నలుగురి విషయం. పోటీలో ఉండవలసినవాళ్ళు కలిసి కూర్చుని రేటు నిర్ణయించుకోవడం చట్టం దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నేరం. ఇందులో విచారణ అవసరం కూడా రాలేదు, ఎందుకంటే ఒప్పుకోలు ఉంది, ఫొటోలున్నాయి. ముగ్గురికి జరిమానా.

"ముగ్గురికా?" అన్నారు పెద్దాయన. "మేం నలుగురం కదండీ."

"ముందుగా వచ్చి బయటపెట్టినవారికి మినహాయింపు ఉంటుంది. చట్టంలోనే ఉంది. ఈయన స్వచ్ఛందంగా సమాచారం ఇచ్చారు కాబట్టి ఈయనకు పూర్తిగా మాఫీ."

అన్నయ్యగారు నెమ్మదిగా తల తిప్పి మావారిని చూశారు. రేడియో తన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

"నేను సమాచారం ఇవ్వలేదండీ," అన్నారు మావారు. "మా మంచి గురించి చెప్పాను."

"రెండూ ఒకటే సార్."

"అయితే నాకూ వెయ్యండి."

"ఏమిటి?"

"జరిమానా. వాళ్ళకెంతో నాకూ అంత వెయ్యండి. నలుగురం కలిసి చేసిన పని. నన్నొక్కణ్ణి వదిలితే ఎలాగండీ?"

పెద్ద అధికారి నవ్వాడు. మంచి నవ్వే. "అలా కుదరదు సార్. నిబంధన."

మావారు ఆ అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వైనా చెప్పమ్మా."

ఆ పిల్ల పెదవులు తడుపుకుంది. "చట్టంలో ఉన్నదే చేశాం సార్," అంది. తర్వాత ఎవరికీ వినపడనంత మెల్లగా, "కంపెనీ ఫైలు నా దగ్గర ఉండనివ్వలేదు టీచర్," అంది. అది నాకు మాత్రమే వినిపించింది. నేను బల్ల మీది ఉత్తర్వులు రెండూ తీసుకున్నాను.

వరండాలో బెంచీ మీద కూర్చుని రెండు ఉత్తర్వులూ చదివాను. రెంటి మీదా ఒకే తేదీ, ఒకే సంతకం. కంపెనీ ఉత్తర్వులో ఇలా ఉంది: ఐసు వ్యాపారాన్ని దేశం మొత్తంగా చూడాలి, అలా చూస్తే ఈ కంపెనీ వాటా స్వల్పం, కాబట్టి అది ఎవరినీ శాసించే స్థితిలో లేదు. మా ఉత్తర్వులో ఇలా ఉంది: ఐసు దూరం వెళ్ళే సరుకు కాదు, కాబట్టి ఈ రేవునే పూర్తి మార్కెట్టుగా చూడాలి, అందులో ఈ నలుగురూ కలిసి కొనుగోలుదారుకు గత్యంతరం లేకుండా చేశారు. వాక్యాలు బాగున్నాయి. అనవసరమైన మాట ఒక్కటి లేదు.

"ఏం రాశారు?" అని అడిగారు మావారు, నా పక్కన కూర్చుంటూ.

"మీరు చెప్పిందే రాశారు," అన్నాను. "ఒక్క అక్షరం తప్పు లేదు."

*

తిరుగు బస్సులో ముగ్గురూ ముందు సీట్లలో కూర్చున్నారు. మేమిద్దరం వెనక కూర్చున్నాం. రేవు వచ్చేదాకా ఎవరూ వెనక్కి తిరగలేదు. దిగేటప్పుడు మావారు, "బావా," అన్నారు.

"నీకేం నాయనా," అన్నారు అన్నయ్యగారు. "నీకు మాఫీ."

రేవంటే చిన్నది. వారం తిరగకుండా ఆ మాట అందరి నోళ్ళలోనూ పడింది. చీట్లాటలో ఒకడు ఓడిపోతే, "మాలో పోటీ లేదండి," అని పక్కవాడు వెక్కిరించేవాడు. టీకొట్టు దగ్గర మావారు కనిపిస్తే మాట ఆగేది. ముందే కంపెనీతో మాట్లాడుకున్నాడన్నారు. నా శిష్యురాలు గనక నేనే కుదిర్చానన్నారు. రేడియో మా వీధిలోంచి వెళ్ళేటప్పుడు కూడా నోరు మూసుకునే వెళ్ళేవాడు. మావారికి అన్నిటికన్నా అదే ఎక్కువ తగిలింది. "తిట్టినా బాగుండేది," అన్నారు ఒకసారి.

మావారి అక్క, మా వదినగారు మాత్రం ఒక్కసారి వచ్చింది. తమ్ముణ్ణి చూడకుండా నాతోనే మాట్లాడింది. "ఆయన తిండి సరిగ్గా తినడం లేదు. మా ఇంటి పేరు కూడా చెప్పాలా వీడు? తండ్రి పేరుతో సహా?" అంది.

"అడిగితే చెప్పారు వదినా."

"అడిగితే చెప్పేస్తారా? పసివాడా?"

పసివాడే. ఆ మాట నేను బయటికి అనలేదు.

గోడ మీద ఏం రాయాలో మావారికి తెలియలేదు. పాత అంకె ఉంచితే నేరం. తగ్గిస్తే ఆ ముగ్గురి కడుపు కొట్టినట్టు. పెంచితే కొనేవాడు లేడు. ఒక ఉదయం తడిగుడ్డతో గోడ మొత్తం తుడిచేశారు. ఆ తర్వాత ఎవరైనా బోటువాడు వచ్చి "ఎంత?" అంటే, "నీ ఇష్టం," అనేవారు. వాళ్ళకది నచ్చేది కాదు. రేటు చెప్పని కొట్లో మోసం ఉంటుందని జనం అనుకుంటారు.

ఆ ఎండల్లోనే అన్నయ్యగారి కంప్రెసర్ పోయింది. మాకు ఎవరూ చెప్పలేదు. ఆ వైపు నుంచి రోజూ వినపడే చప్పుడు ఆగిపోయింది, అంతే. మావారు అన్నం ముందు నుంచి లేచారు. ఉన్న ఇద్దరు పనివాళ్ళతో దిమ్మలు ట్రాలీ మీదకు ఎక్కించి, గోనెలు కప్పి, తనే నడుపుకుంటూ బయలుదేరారు. నేను వెనకెక్కి కూర్చున్నాను.

అన్నయ్యగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. గేటు తీయలేదు.

"యంత్రం ఆగినట్టుంది. ఐసు తెచ్చాను బావా."

"రేటెంత?"

"రేటేంటి బావా?"

"చట్టం ప్రకారం అడుగుతున్నాను. నువ్వు అమ్మేవాడివి, నేను కొనేవాణ్ణి. నీ రేటు చెప్పు. పక్కవాణ్ణి కూడా అడుగుతాను. ఎవరు తక్కువిస్తే వాడి దగ్గర తీసుకుంటాను. అదే కదా పోటీ?"

"బావా..."

"చెప్పవోయ్. ఆఫీసులో అంత బాగా చెప్పావు. ఇక్కడ అంకె రావడం లేదా?"

గోనెల కింది నుంచి నీళ్ళు కారి ట్రాలీ చక్రాల పక్కన మడుగు కట్టాయి. నేను దిగి, "అన్నయ్యగారూ, మీ తమ్ముడి లాంటివారు, తెచ్చింది దింపుకోండి," అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు. ఆయన కళ్ళలో కోపం నాకు కనిపించలేదు. అలసట ఉంది.

"చెల్లెమ్మా, ఇప్పుడు ఇది దింపుకుంటే రేపు ఎవడో ఫొటో తీస్తాడు. ఇంకో జరిమానా కట్టే ఓపిక నాకు లేదు. తీసుకెళ్ళిపోండి," అన్నారు.

మేం వెనక్కి వచ్చేసరికి సగం దిమ్మలు కరిగిపోయాయి. మిగిలినవి ఎవరికీ అమ్మలేదు.

*

కంపెనీ మాట తప్పలేదు. నష్టానికి అమ్మబోమని హామీ ఇచ్చింది కదా, ముందు రేటు ఖర్చుకు సరిపడా పెంచింది. అన్నయ్యగారి ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంకొంత పెంచింది. రేడియో తన యంత్రాలు పాతసామాన్ల వాడికి అమ్మాక ఇంకొంత పెంచింది. పెద్దాయన ఫ్యాక్టరీ స్థలం కంపెనీయే కొనుక్కుంది, లారీలు నిలుపుకోవడానికి. బోటువాళ్ళు మళ్ళీ మా దగ్గరకు వచ్చారు, పెంచిన రేటు భరించలేక. కానీ ఒక్క ఫ్యాక్టరీ రేవు మొత్తానికి చాలదు. చాలక తిప్పి పంపితే కంపెనీకి వెళ్ళాలి, అక్కడ "నిన్న ఎక్కడ కొన్నావు?" అని అడుగుతారు. షరతు లేదు. ఊరికే అడుగుతారు. వాళ్ళు రావడం మానేశారు.

ఇంకో ఫిర్యాదు రాద్దామా అని నేను ఒకసారి అడిగాను.

"ఎవరి గురించి చెప్పను?" అన్నారు మావారు. "ఇంక ఎవరూ మిగల్లేదు కదా చెప్పడానికి."

మొదటి వాన పడిన రోజున ఆయన ఫ్యాక్టరీ ఆపేసి, అమోనియా లైను కట్టేశారు. తొట్టిలో ఉప్పునీరు కాలవలోకి వదిలారు. ఆ రోజు ఇంటికొచ్చి బాగా నిద్రపోయారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. బడి తెరిచారు. నేను వెళ్ళడం మొదలుపెట్టాను.

వానలు ముదిరాక ఒక మధ్యాహ్నం బడికి కబురొచ్చింది. మావారు కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారు. పేపరు ఒళ్ళో ఉంది. డాక్టరు గుండె ఆగిపోయిందన్నాడు.

మా అమ్మాయి పట్నం నుంచి రావాలి. వాగు పొంగి దారి తెగింది. చుట్టూ తిరిగి రావాలంటే మర్నాడు సాయంత్రమవుతుందని ఫోనులో ఏడుస్తూ చెప్పింది. అప్పటిదాకా ఉంచాలి. ఉంచాలంటే ఏం కావాలో ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ముందుగా అనలేదు. పెద్దాయన గోడకు ఆనుకుని నేల వైపు చూస్తున్నారు. రేడియో గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి రాకుండా. మా వదినగారు తమ్ముడి పాదాలు పట్టుకుని కూర్చుంది.

అన్నయ్యగారు లేచి, గొడుగు కూడా తీసుకోకుండా వానలో బయటికి వెళ్ళారు.

చాలాసేపటికి తెల్ల వ్యాను ఒకటి వాకిట్లో ఆగింది. పక్కన కంపెనీ పేరు ఉంది. అన్నయ్యగారు ముందు సీట్లోంచి దిగారు. తడిసి ముద్దయ్యారు. గడప దగ్గర ఆగారు. "ఇంకెక్కడా లేదు చెల్లెమ్మా," అన్నారు.

"తెలుసు అన్నయ్యగారూ," అన్నాను.

రేడియో, ఆయన కలిసి దిమ్మలు లోపలికి మోశారు. ఎలా పట్టుకోవాలో, ఎక్కడ పెట్టాలో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా వదినగారు మంచం చుట్టూ గోనెలు సర్దింది.

వ్యాను డ్రైవరు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. మంచివాడే. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, రేపు సాయంత్రం దాకా అంటున్నారు. ఇవి చాలవు. ఇంకో నాలుగున్నాయి బండిలో. రేపు పొద్దున్నుంచి రేటు మారుతుందమ్మా. కావాలంటే ఇప్పుడే దింపించుకోండి," అన్నాడు.

గదిలో అందరూ నా వైపు చూశారు.

"దింపు నాయనా," అన్నాను.